అమ్మడి వాటా

మా చెల్లెలు అమ్మడికి పెళ్ళైన చాలా కాలానికి నెల తప్పింది. తప్పింది గాని, ఆ కడుపు పెరిగే తీరు ఎవరికీ నచ్చలేదు. మూడో నెలకే ఆరో నెల కడుపంత ఎత్తైంది. కవలలని కొందరన్నారు, దిష్టి అని కొందరన్నారు. ఆఖరికి ఒకనాడు ధారగా రక్తం పోయింది. పడినది చూస్తే బిడ్డ కాదు, పిండమూ కాదు. చేప కడుపు కోస్తే వచ్చే గుడ్ల సంచిలాంటిది, గుత్తులు గుత్తులుగా. చేపలు కోసుకుని బతికే ఇంట్లో అది చూసి ఆ పూట ఎవరూ కత్తి పట్టలేదు.

ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళితే మా పాలెం వస్తుంది. మా నాన్న సముద్రం మీదికి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆయన వెనకే అమ్మా పోయింది. మా ఇద్దర్నీ మేనత్త తాతమ్మ పెంచింది. నేను చదువుతానంటే హాస్టల్లో వేసింది, అమ్మణ్ణి తన కొడుకు అప్పలసూరికే చేసుకుంది. నేను ట్రెయినింగయ్యి విజయనగరంలో బడిపంతులమ్మనయ్యాను. నా పేరు దేముడమ్మ. కోపం ముక్కు మీదే ఉంటుంది. మా హెడ్మాస్టరు కూడా నాతో ఆచి తూచి మాట్లాడతాడు. ఇదెందుకు చెబుతున్నానంటే, ఈ సంగతంతా జరిగిన అరవై తొమ్మిదో సంవత్సరంలో నేను చాలామంది మీద చాలా అరుపులు అరిచాను. వాటిలో ఒక్కటీ ఎందుకూ పనికి రాలేదు.

శ్రీకాకుళంలో కడుపు శుభ్రం చేసి పంపేశారు. కొన్నాళ్ళు బాగానే తిరిగింది. గంప ఎత్తుకుని చేపలమ్మకానికీ వెళ్ళింది. మళ్ళీ రక్తం మొదలైంది. దానికి తోడు దగ్గు, దగ్గితే గుండెల్లో పోటు. అప్పుడు నాకు కబురు పెట్టారు. నేను వచ్చి, ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అత్తనీ అప్పలసూరినీ దులిపేసి, దాన్ని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్కడ నారాయణమూర్తి అనే డాక్టరు చూశాడు. వయసు ఎక్కువ కాదు, పైచదువు చదివి కొత్తగా వచ్చినవాడు. బిడ్డ కావలసింది బిడ్డ కాకుండా పోయిందనీ, దాని వేరు ఒకటి ఒంట్లో ఉండిపోయి క్యాన్సరైందనీ, అది ఊపిరితిత్తుల దాకా పాకిందనీ నాతో చెప్పాడు. క్యాన్సరంటే అప్పట్లో ఇంకేముంది, ఇంటికి తీసుకుపోయి అడిగినది పెట్టమనడమే. ఆయన మాత్రం కుర్చీ నా వైపుకి జరుపుకుని, ఇదొక్క రకం అలా కాదని చెప్పాడు. ఇప్పుడు దీనికి మందుందిట. మాత్రలు. సరిగ్గా వాడితే పూర్తిగా పోతుందిట. పోయాక ఒక ఏడాది ఆగి పిల్లల్ని కూడా కనవచ్చుట. ఆ మాట అమ్మడికి చెబితే అది మంచం మీద లేచి కూర్చుంది.

పసుపురంగు చిన్న మాత్రలవి. ఐదురోజులు వేసి ఆపేస్తారు. ఒళ్ళు తేరుకున్నాక మళ్ళీ ఐదురోజులు. ఎందుకలాగ అని నేనడిగితే ఆ డాక్టరు విసుక్కోకుండా చెప్పాడు. "ఈ మందు ఒంట్లో తొందరగా పెరిగేదాన్నల్లా చంపుతుందమ్మా. ఈ జబ్బు అన్నిటికన్నా తొందరగా పెరుగుతుంది కాబట్టి ముందు అది చస్తుంది. కాని నోటి లోపలి పొర, పేగులు, ఎముకల్లో పుట్టే రక్తం, ఇవీ తొందరగా పెరిగేవే. వాటినీ కొంచెం కొరుకుతుంది. అందుకే కొంచెం వేసి ఆపాలి. పని అయిపోయాక మందు మూత్రంలోంచి బయటికి పోవాలి. పోయిందా, మన పంట పండినట్టే."

జబ్బు ఉందో పోయిందో చూడడానికి వాళ్ళకొక పరీక్ష ఉంది. అమ్మడి మూత్రం పట్టి, శుభ్రం చేసి, మగకప్పకి సూదితో ఎక్కిస్తారు. కడుపుతో ఉన్న ఆడదాని మూత్రానికి కప్పలో ఏ మార్పు వస్తుందో ఈ జబ్బుకీ అదే మార్పు వస్తుంది. ఇది విని మా అమ్మడు పగలబడి నవ్వింది. "నా కడుపులో ఏటున్నాదో నాకు తెల్దు, నా మొగుడికి తెల్దు. కప్పకి తెలిసిపోనాది సూడప్పా," అంది నాతో. మా వైపు అక్కని అప్పా అంటాం. వార్డులో ఆడవాళ్ళందరూ నవ్వారు. దాని నవ్వు అలాంటిది.

ఆసుపత్రిలో ఉండగానే కొన్ని దఫాలు మాత్రలు వేశారు. ప్రతిసారీ కొంచెం నోరు పూసేది, జుట్టు ఊడేది, అన్నం సయించేది కాదు. మళ్ళీ నాలుగు రోజులకి తేరుకునేది. దగ్గు తగ్గింది. రక్తం ఆగింది. ఒకరోజు డాక్టరు తానే మంచం దగ్గరికి వచ్చి, కప్ప ఈసారి జబ్బు లేదని చెప్పిందన్నాడు. అయితే అంతటితో ఆపకూడదనీ, కంటికి కనపడని వేరు ఏదైనా మిగిలితే చావాలంటే ఇంకో రెండు దఫాలు వెయ్యాలనీ అన్నాడు.

అమ్మడికి ఇక ఆసుపత్రి వాసన పడలేదు. ఇంటికెళతానంది. మంచాలకి జనం కాచుకుని ఉన్నారు, డాక్టరు కూడా సరేనన్నాడు. నేను మా ఇంటికి రమ్మన్నాను. "నీ ఇంట్లో గోడలెక్కువ, గాలి తక్కువ," అని పాలేనికే వెళతానని పట్టుపట్టింది.

పంపే ముందు డాక్టరు అమ్మణ్ణీ తాతమ్మత్తనీ కూర్చోబెట్టి చెప్పాడు. ఈ మందు వాడేటప్పుడు ఇంకే మందూ వెయ్యకూడదు. ఒక మందు ఇంకో మందుతో ఒంట్లో కలిస్తే ఏమవుతుందో చెప్పలేం. సల్ఫా బిళ్ళలు వద్దు, ఊళ్ళో కాంపౌండరు చేత సూదులు వద్దు, ఆకు పసర్లు వద్దు, కల్లూ సారా ముట్టుకోవద్దు. నోరు పూసినా, జ్వరం వచ్చినా ఆ నిమిషమే మాత్రలు ఆపేసి ఇక్కడికి రావాలి. అంతా చెప్పి, "ఇప్పుడు ఇంకేమైనా మందు వాడుతున్నావా?" అని అడిగాడు. "నేదు బాబూ, నాకేటి మందులు," అంది అమ్మడు. అత్త కూడా లేదని తల ఊపింది. ఇద్దరూ చెప్పింది అబద్ధం కాదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అది నిజం కూడా.

బస్సులో నేను ఊరుకున్నానా. పిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు అత్త చేత అన్నీ మళ్ళీ చెప్పించాను. ఆవిడ ఒక్కటీ తప్పకుండా చెప్పింది.

తాతమ్మత్త మాట ఇస్తే మాటే. పసరు పట్టుకుని వచ్చిన సోములు వైద్యుణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. కన్నతల్లిలాంటి పొరుగింటి ముసలమ్మ మిరియాల కషాయం కాచి తెస్తే, ఆవిడ ఎదుటే ఇసకలో పారబోసింది. కొడుకుని, కల్లు తాగి వస్తే అరుగు మీదే పడుకోమంది. ఇవన్నీ నాకు తరవాత పాలెం అంతా చెప్పారు. ఇంత కట్టుదిట్టం చేసిన మనిషే అమ్మడి చేతిలో రోజూ తెల్లబిళ్ళ పెట్టింది. దాచి దాచి చెప్పడం నాకు చేతకాదు కాబట్టి ఆ బిళ్ళ సంగతి ఇక్కడే చెప్పేస్తాను.

మా ఆడవాళ్ళు తెల్లవారకుండా గంపలెత్తుకుంటే, పెద్దరోడ్డు మీదికి వచ్చేసరికి మెడలు చచ్చుబడతాయి. నీళ్ళోడే చేపల గంప నెత్తిన ఉంటే బరువు మెడలో దిగి, వీపులో దిగి, మోకాళ్ళలోకి పోతుంది. రోడ్డు మీద దాలయ్య టీ బడ్డీ ఉంది. అక్కడ గంపలు దింపుతారు. దాలయ్య టీ గ్లాసుతో పాటు ఒక తెల్లబిళ్ళ ఇస్తాడు. తలనొప్పి బిళ్ళ, ఆస్పిరిన్. అడగక్కర్లేదు, టీలో పంచదార అడుగుతామా, అలాగే. బిళ్ళ వేసుకుని, టీ తాగి, గంపలెత్తుకుని ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోతారు. మా అమ్మ కాలంలో ఆ బడ్డీ లేదు, ఆ బిళ్ళా లేదు. నేను హాస్టల్లో ఉండగా వచ్చిన అలవాటిది. దాన్ని మందని ఎవరూ అనరు. మందంటే మంచాన పడ్డాక డాక్టరు రాసేది. ఇది నిలబడి పని చేసుకోడానికి వేసుకునేది. టీలాగా, చుట్టలాగా.

ఇంకొకటుంది. మా పాలెంలో వేటకి రాలేక మంచాన పడ్డవాడికీ వాటా తీస్తారు. వలకి వాటా, పడవకి వాటా, పడుకున్నవాడికీ వాటా. మా గంపల ఆడవాళ్ళదీ అదే పద్ధతి. తమతో నడిచే మనిషి జబ్బు పడితే, దాలయ్య దగ్గర ఆ మనిషి పేరున కూడా ఒక టీ, ఒక బిళ్ళ తీసుకుంటారు. అలా తీసుకోకపోతే ఆ మనిషిని గుంపులోంచి తీసేసినట్టే. టీ ఇంటిదాకా రాదు గనక పొద్దున గుంపులో చిన్నదెవరో తాగుతుంది. బిళ్ళ మాత్రం కొంగున ముడి వేసి మధ్యాహ్నం తెచ్చి ఇస్తారు.

అమ్మడు ఇంటికొచ్చిన రోజు నుంచీ దానికి వాటా వచ్చింది. అది ఎంత మురిసిపోయిందో నేను ఊహించగలను. పసుపు మాత్రలు మొదలెట్టిన రోజున తాతమ్మత్తే తెచ్చి ఇచ్చింది. ఒంటి నొప్పులకి హాయిగా ఉందంది. అక్కడి నుంచి దాని నోరు పూయడం మొదలైంది. నోరు పూస్తే మంట, మంటకి బిళ్ళ. బిళ్ళ వేసుకున్నకొద్దీ ఒంట్లోంచి పోవలసిన మందు పోకుండా నిలిచిపోయి నోరింకా పుండైంది. పుండైనకొద్దీ ఇంకో బిళ్ళ. ఇదంతా గంపల ఆడవాళ్ళు చూశారు. ఒక్కొక్కరూ దాలయ్య దగ్గర తమ బిళ్ళ తాము వేసుకోకుండా మెడనొప్పులు ఓర్చుకుని, వాటిని కూడా తెచ్చి దానికిచ్చారు.

నోరు పూస్తే మాత్రలు ఆపి రమ్మన్నాడు కదా డాక్టరు, ఎందుకు రాలేదంటారా. అమ్మడే వద్దంది. ఆసుపత్రిలో కూడా ప్రతిసారీ నోరు పూసేది, అదే తగ్గేది. ఇదీ అలాగే తగ్గుతుందనుకుంది. మళ్ళీ మంచమెక్కిస్తారేమోనని భయం. ఐదురోజులూ పూర్తి చేస్తే పిల్లల్ని కనవచ్చన్న మాటొక్కటే దాని చెవిలో ఉంది.

ఆదివారం నేను విజయనగరం నుంచి వెళ్ళేసరికి అది చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే ఇటు తిరిగింది. పెదాలు పచ్చిపుండు. గంజి మింగలేక చెంబు పక్కన పెట్టేసింది. కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు, దోమలు కుట్టినట్టు. ఒళ్ళు కాలిపోతోంది. నవ్వబోతే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. నేను అత్త మీద విరుచుకుపడ్డాను. ఏం పెట్టారు, ఏం తాగించారు అని ఇల్లంతా గాలించాను. కుండలు మూతలు తీసి వాసన చూశాను. ఏమీ దొరకలేదు. అత్త నా వెనకే తిరుగుతూ, "నీ మాట దాటనేదే దేముడూ, సముద్రం సాచ్చి," అంటూనే ఉంది.

శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సు ఆపి దాన్ని విశాఖపట్నం తీసుకెళ్ళాం. దారి పొడుగునా దాని తల నా ఒడిలోనే ఉంది.

డాక్టరు చూసి నిర్ఘాంతపోయాడు. రక్తం పరీక్ష చేస్తే తెల్లకణాలు లేవన్నాడు, రక్తం గడ్డకట్టించేవీ లేవన్నాడు. ఇచ్చిన మాత్రలకి ఇంత జరగదని, ఎక్కువ మింగిందేమోనని నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. మిగిలిన మాత్రలు చూపించాను, లెక్క సరిపోయింది. ఈ మందుకి విరుగుడొకటుందనీ, అది ఇక్కడ లేదనీ చెప్పి మద్రాసుకి తంతి కొట్టించాడు. రక్తం కావాలన్నారు. అప్పలసూరి ఇచ్చాడు, అతని పడవవాళ్ళు వచ్చి ఇచ్చారు. సూది చూస్తే వణికిపోయే మనుషులు, సముద్రానికి తప్ప దేనికీ భయపడనట్టు మొహాలు పెట్టుకుని వరసలో నిలబడ్డారు.

మర్నాడు మధ్యాహ్నం తాతమ్మత్త గంపల ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. అందరూ మంచం చుట్టూ నిలబడ్డారు. దానమ్మ అనే పిల్ల, నిరుడే కాపరానికి వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అత్త తన కొంగు ముడి విప్పింది. అమ్మడు కళ్ళు కూడా తెరవకుండా అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. ఆ అరచేతిలో అత్త తెల్లబిళ్ళలు పెట్టింది.

"ఏటది?" అన్నాను నేను.

"బిళ్ళ. దాని వాటా," అంది అత్త.

"ఏ మందూ ఇయ్యొద్దని ఎక్కాల్లా సెప్పించినాను కదే నీసేత."

"ఇది మందేటి? టీలోకి ఏసుకునీదే."

కోపం వస్తే నాకు బడి భాష పోయి పాలెం భాష వస్తుంది. ఆ బిళ్ళలు అమ్మడి చేతిలోంచి లాక్కుని డాక్టరు గదికి పరిగెత్తాను. ఆయన వాటిని చూశాడు. రోజూ వేసుకుందా అన్నాడు. రోజూనే, రోజుకెన్నో కూడా తెలీదన్నాను. ఆయన కూర్చుండిపోయాడు.

ఈ బిళ్ళ మామూలు మనిషికి ఏమీ చెయ్యదన్నాడు. కాని ఆ పసుపు మందు ఒంట్లో ఉన్నవాళ్ళకి, మూత్రపిండాల్లో మందు బయటికి పోయే దారికి ఇది అడ్డం పడుతుంది. రక్తంలో అణిగి ఉన్న మందుని విడిపించి ఒంటి మీదికి వదులుతుంది. ఐదురోజులకని ఇచ్చిన మందు పోకుండా పేరుకుపోయింది. దానికి తోడు బిళ్ళ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రెండు మందులూ ఒకదానికొకటి తోడై దాన్ని లోపల్నుంచి తినేశాయి. ఇదంతా పుస్తకాల్లోకి కూడా ఈ మధ్యే ఎక్కుతోందన్నాడు.

"నేను మందులు వాడుతున్నావా అని అడిగాను. టీతో పాటు ఏం వేసుకుంటావని అడగలేదు. నాకు తోచలేదమ్మా," అన్నాడు.

చదువుకున్నవాడివి నీకు తోచకపోతే ఎవరికి తోచాలి అని నేను ఆ గది అదిరిపోయేలా అరిచాను. తరవాత తలుచుకుంటే ఆయన ఏం తప్పు చేశాడో నాకు తెలియలేదు. ఎవరు ఏం తప్పు చేశారో ఇప్పటికీ తెలియదు.

మద్రాసు నుంచి విరుగుడు వస్తోందన్నారు. రైలెక్కిందన్నారు. అది వచ్చే దారిలోనే ఉంది. అమ్మడు నిద్రకీ మెలకువకీ మధ్య ఉండేది. మాట్లాడితే నోరు మండుతుందని మాట్లాడేది కాదు. ఆ సాయంత్రం డాక్టరు వచ్చి నన్ను వరండాలోకి పిలిచి, మూత్రం మళ్ళీ పరీక్ష చేశామని, కప్ప ఈసారీ లేదనే చెప్పిందని, జబ్బు ఒంట్లో ఎక్కడా లేదని చెప్పాడు. చెప్పి వెళ్ళిపోయాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇంత దుఃఖం నేను మా నాన్న పోయినప్పుడు కూడా పడలేదు.

లోపలికి వచ్చేసరికి అమ్మడు నా వైపే చూస్తోంది. డాక్టరు నాతో మాట్లాడడం గమనించినట్టుంది.

"అప్పా, కప్పేటన్నాదే?" అంది, ఒక్కో మాటా కూడదీసుకుని.

"రోగం నేదన్నాదే. పోయిందన్నాది."

దాని కళ్ళు వెలిగాయి. అలాంటి వెలుగు నేను మళ్ళీ ఏ మొహంలోనూ చూడలేదు. "మరైతే ఇంటికెల్పోదాం," అంది.

తెల్లవారాక పోయింది. అప్పలసూరి టీ తేవడానికి కిందికి వెళ్ళాడు, తిరిగి వచ్చేసరికి అయిపోయింది. విరుగుడు మందు ఆ రోజు మధ్యాహ్నం రైలుబండిలో వచ్చింది. చేతులు కాలాక ఆకులు. డాక్టరు ఆ పెట్టె విప్పనైనా విప్పలేదు.

పాలేనికి తెచ్చి, చెయ్యవలసినవి చేశాం. కర్మల్లో మొదటిదైన చిన్నదినం నాడు నేను ఒక నిశ్చయంతో ఉన్నాను. అందరూ కూడినప్పుడు చెప్పేస్తాను. మీ వాటాలే దాన్ని చంపాయని చెప్పేస్తాను. గంపల ఆడవాళ్ళందరూ ఇంటి ముందు ఇసకలో కూర్చున్నారు. చెప్పాల్సిన మాటలు నా నాలుక మీద వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్ళు కూడా ఏడవాలి, నాలాగా గోడలు పట్టుకోవాలి అని ఉంది నాకు. దాచడం ఎందుకు, అప్పుడు నా కడుపులో ఉన్నది అదే.

ఈలోగా దానమ్మ ఎవరితోనో అంటోంది, ఆఖరి రోజుల్లో అమ్మడు అన్నం మింగలేకపోయినా తామిచ్చిన బిళ్ళ మాత్రం మింగేదనీ, తాను తన బిళ్ళ మానుకుని దానికిచ్చేదాన్ననీ, ఆ తృప్తి ఒక్కటి మిగిలిందనీ. లేచి నిలబడ్డాను.

తాతమ్మత్త నన్ను చూసింది. చూసి, నీళ్ళు లేవని, బిందెలు తీసుకుని నూతికి వెళ్ళి రమ్మని ఆడవాళ్ళందర్నీ పంపేసింది. ఒక్కరిని కూడా ఉండనివ్వలేదు. వాళ్ళు వెళ్ళాక నా ఎదురుగా కూర్చుంది.

"నాకు తెల్దనుకున్నావేటి దేముడూ," అంది. "ఆస్పత్రిలో బిళ్ళలట్టుకుని ఎల్లినావు. తిరిగొచ్చినప్పుడు నీ మొకం సూసినాను. అప్పుటి నుంచీ నువ్వు నన్ను అత్తా అని పిలవనేదు. సెప్పు."

చెప్పాను. డాక్టరు చెప్పినదంతా, మూత్రపిండాల సంగతి, రక్తం సంగతి, కప్ప రెండోసారి చెప్పిన సంగతి, ఒక్కటీ వదలకుండా చెప్పాను.

"ఎవులిచ్చిన బిళ్ళతో పోనాది?" అని అడిగింది.

"ఏదో ఒక్కదానితో కాదత్తా. అన్నీ కలిసే."

ఆవిడ తల ఊపింది. నూతి వైపు నుంచి బిందెల చప్పుడు వినిపిస్తోంది. ఒక బిందె నిండి ఇంకో బిందె పెడుతున్నారు.

"ఆలందరూ పడుసోల్లు," అంది. "ఇంకా పిల్లల్ని కనాల. రేప్పొద్దున్న మల్లీ గంపలెత్తాల. ఇది తెలిస్తే ఆ దానమ్మ బతకదు. ఆలకి సెప్పకు. బిళ్ళలన్నీ నానే ఇచ్చినాను. నువ్వూ అలగే అనుకో."

ఆవిడకేసి చూశాను. మమ్మల్ని సాకిన మనిషి. నన్ను చదివించడానికి గంప మోసి మోసి మెడ పక్కకి వంగిపోయిన మనిషి. ఆ మెడ నేను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను, ఆ రోజు తప్ప ఏనాడూ దానికేసి తేరిపార చూడలేదు.

ఆవిడ కొంగు తల మీదికి లాక్కుంది. నాకు దగ్గరగా జరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీ కడుపులో సేనా ఉన్నాదని నాకు తెలుసు. నన్ను తిట్టాలంటే తిట్టు. ఇప్పుడే తిట్టీ, ఆలొచ్చీలోపు," అంది.

నీళ్ళ బిందెలతో వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఆవిడ తల వంచుకుని, నా తిట్ల కోసం అలాగే కూర్చుని ఉంది.